ఓడెక్కబోతున్న మా చిన్నాకి

చిన్నా,

నీకు ఓడ మీద ఉద్యోగం ఖాయమైందని అక్క ఫోన్ చేసి చెప్పింది. ఎవరి సిఫార్సూ లేకుండా తెచ్చుకున్నావు, ఛాతీ ఉప్పొంగింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే రాస్తున్నాను. మొత్తం చదువు, సగంలో ఆపకు.

హెల్మెట్, బూట్లు, సేఫ్టీ బెల్టు గురించి శిక్షణలో చెప్పే ఉంటారు, పాటించు. మెట్ల మీద ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీదే ఉండాలి. బిగిసిన తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, దాని వరసలో నిలబడకు. 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి నీ హక్కు. నిద్రలేని చేతులే దెబ్బలు తింటాయి.

మూసి ఉన్న ట్యాంకులోకి మాత్రం, ఎవరు దిగమన్నా సరే, గాలి పరీక్ష చేసి పర్మిట్, అంటే దిగడానికి అనుమతి పత్రం, రాసేదాకా దిగకు. లోపలి తుప్పు కూడా గాల్లోని ఆక్సిజన్‌ని తినేస్తుంది. వాసనా రాదు, హెచ్చరికా ఉండదు, ఉన్నట్టుండి కూలిపోతావు. తోటివాడు లోపల పడిపోయి కనిపించినా ముందు అలారం కొట్టు. కాపాడబోయి వెనకాలే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. నీ గుణం నాకు తెలుసు, ముందూ వెనకా చూడకుండా దూకుతావు.

ఇక నా చెయ్యి సంగతి. ఎడమచేతి రెండు వేళ్ళు ముడుచుకోవని నీకు తెలుసు. ఎందుకని నువ్వడిగినప్పుడల్లా మాట దాటేశాను.

అది నా రెండో కాంట్రాక్టు. రాత్రి, వాన. ఓడని రేవుకి కడుతున్నాం. తాడుని చుట్టి లాగే యంత్రం, వించి, దాని డ్రమ్ము మీద తాడు జారి ఒక్కసారిగా లాక్కుంది, నా మణికట్టు మధ్యలో నలిగింది. వించి దగ్గరున్నవాడు వెంటనే ఆపబట్టి చెయ్యి మిగిలింది. చీఫ్ ఆఫీసర్ టార్చి వేసి "ఓకేనా?" అన్నాడు. "ఓకే సార్" అన్నాను. ఆ మాటే నా కొంప ముంచింది. దెబ్బ తగిలిందంటే దింపేస్తారు, మళ్ళీ పిలవరని తోటివాళ్ళు అనేవారు. ఇంటికి డబ్బు పంపాలి. గుడ్డ చుట్టుకుని, వాపు కనపడకుండా గ్లవ్ తొడుక్కుని ఐదు వారాలు పనిచేశాను. ఒకరోజు నిచ్చెన ఎక్కుతుంటే పట్టు తప్పింది. అప్పుడు గానీ రేవులో డాక్టరు దగ్గరకి పంపలేదు. ఎముక విరిగి, వంకరగా అతుక్కుందన్నాడు.

దిగే రోజు ఏజెంటు ఇంగ్లీషులో రెండు పేజీలిచ్చాడు. కింద టాక్సీ ఆగి ఉంది. "ఊరికే ఫార్మాలిటీ" అన్నాడు. సంతకం పెట్టాను. ఇంటికొచ్చి చదివించుకుంటే తెలిసింది, గాయం పనిలో తగిలింది కాదనీ, ఇక నాకు రావలసిందేమీ లేదనీ రాసుకున్నారు. ఓడలో జరిగినవన్నీ రాసే లాగ్‌బుక్‌లో ఆ రాత్రి గురించి ఒక్క ముక్క లేదు. నేనే చెప్పకపోతే ఎలా ఉంటుంది? చూసినవాళ్ళు తలో ఓడకీ పోయారు. ఆపరేషన్ ఖర్చు మీ తాతయ్య భరించారు. పసివాడిగా ఉన్న నిన్ను కుడిచేత్తోనే ఎత్తుకునేవాణ్ణి, ఎడమచేతి మీద నమ్మకం లేక.

మీ కాలానికి చట్టం ఉంది. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం, ఇంగ్లీషులో పొట్టిగా MLC అంటారు, 2013 ఆగస్టులో అమల్లోకొచ్చింది. దాన్ని ఆమోదించిన దేశాల ఓడల్లో, పనిలో దెబ్బ తగిలితే నయమయ్యేదాకానో, ఇక నయం కాదని తేల్చేదాకానో వైద్యం ఓడ యజమాని ఖర్చే. ఓడలో ఉన్నన్నాళ్ళూ పూర్తి జీతం. దిగాక కూడా జీతం పూర్తిగానో కొంతగానో రావాలి, దేశ చట్టం ఆ వైద్యానికీ, ఈ జీతానికీ గడువు పెట్టినా దెబ్బ తగిలిన రోజు నుంచి 16 వారాలకి తగ్గకూడదు. నడిసముద్రంలో ఉన్నా ఒడ్డునున్న డాక్టర్ల సలహా రేడియోలోనో శాటిలైట్‌లోనో ఉచితంగా అందాలి. చావుకీ, శాశ్వత వైకల్యానికీ పరిహారం తాలూకు బీమా పత్రం 2017 నుంచి ఓడలో అందరికీ కనపడేలా అంటించాలి. ఎక్కిన రోజే దాన్ని ఫోటో తీసుకో. కాంట్రాక్టులో ఉన్నదానికంటే తక్కువకి ఒప్పుకోమని నిన్నెవరూ ఒత్తిడి చేయకూడదు.

అయితే ఉద్యోగంలో చేరేటప్పుడు కావాలని దాచిన జబ్బుకి యజమాని బాధ్యత తప్పించుకోవచ్చు. మెడికల్‌లో పాత మోకాలినొప్పి చెప్పనన్నావట! బుద్ధుందా నీకు? రేపు అదే మోకాలికి దెబ్బ తగిలితే పాతదే అంటారు. నాకు జరిగింది చాలదా? వెళ్ళి డాక్టరుకి చెప్పు. ఆ నొప్పితో నువ్వు ఏడుస్తుంటే రాత్రంతా కాళ్ళు పట్టినవాణ్ణి, నాకు తెలియదా?

దెబ్బ చిన్నదైనా ఆ గంటలోనే చెప్పు. లాగ్‌బుక్‌లో రాయించి కాపీ అడుగు. నీ నోట్‌బుక్‌లో కూడా టైము, వాతావరణం, ఎవరు చూశారు, వాళ్ళ నంబర్లు రాసుకో. తాడునీ, వించినీ ఫోటో తియ్యి. ఓడలో వినకపోతే రేవులో తనిఖీ అధికారికి ఫిర్యాదు చేయొచ్చు, నీ పేరు బయటపెట్టరు. కేసు వేయడానికి గడువు దేశాన్నిబట్టి మారుతుంది, నాన్చకు. అర్థం కాని కాగితం మీద సంతకం వద్దు. టాక్సీ పోతే ఇంకోటి వస్తుంది.

కాంట్రాక్టు చేతికొచ్చిన రోజే ప్రతి పేజీ ఫోటో తీసి నాకు పంపు, ఇద్దరం కూర్చుని చదువుదాం. రేవు చేరినప్పుడల్లా అమ్మకి ఫోన్ చెయ్యి. అమ్మకి చెప్పలేని దెబ్బైతే నాకు చెప్పు, ఏ అర్ధరాత్రైనా ఫోన్ ఎత్తుతాను.

మీ మామయ్య