‘మీరు’ నుంచి ‘నువ్వు’కి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదట బార్ట్ రైల్లో, తర్వాత ఇంట్లో పెన్సిల్ పట్టుకుని. (నన్ను సర్ అనొద్దు. మీ నాన్న కంటే నాలుగేళ్ళు పెద్దవాణ్ణి, పెదనాన్నా అంటే చాలు.) శాన్‌ఫ్రాన్సిస్కో యూదు చిత్రోత్సవంలో చూసిన రెండు సినిమాలూ, మీ ఊరి చిన్న హాల్లో వారం ఆడి వెళ్ళిపోయిన ఫ్రెంచి సినిమా ఒకటీ కలిపి తెలుగులో రాద్దామనుకున్నావు చూడు, అక్కడే నాకు నచ్చావు.

ఇక కోతలు. మొదటి రెండు పేజీలూ కథే చెప్పావు, వాటిని కొట్టేశాను. కోపం తెచ్చుకోకు. పండుగలో ఒక సినిమాకి ఒకటో రెండో షోలు ఉంటాయి. నీ వ్యాసం అచ్చయ్యేసరికి ఆ సినిమా ఆ ఊళ్ళోనే ఉండదు. చూడాలా వద్దా అని నిన్ను అడిగేవాళ్ళెవరూ లేరు కాబట్టి మూడున్నర స్టార్లు ఇచ్చి లాభం లేదు. విజయవాడలో కూర్చుని చదివేవాడికి, ఆ చీకట్లో నువ్వు ఏం విన్నావో, ఏం చూశావో అది కావాలి. ‘గుండెల్ని పిండేసింది’ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. నాలుగూ తీసేశాను.

నీకు ఫ్రెంచి రాదని వ్యాసం చివర్లో సిగ్గుపడుతూ ఒప్పుకున్నావు. నాకూ రాదు. కానీ ఒక సంగతి గమనించు. ఫ్రెంచిలో ‘తు’ ఉంది, ‘వు’ ఉంది. మన నువ్వు, మీరు లాంటివే. ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఆ రెంటినీ ఒకే ‘యూ’తో చదును చేసేస్తుంది. ఇద్దరు పరిచయస్తులు మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ ఒకరు ‘వు’ వదిలేసి ‘తు’ అన్నారనుకో, వాళ్ళ మధ్య తలుపొకటి తెరుచుకున్నట్టే. పోలీసువాడు పెద్దాయన్ని ‘తు’ అన్నాడంటే, చెయ్యెత్తకుండానే కొట్టినట్టు. మన పక్క సీట్లో కూర్చున్న అమెరికావాడికి ఇది సబ్‌టైటిల్‌లో దొరకదు. పుట్టినప్పట్నుంచీ నువ్వు, మీరు, తమరు మధ్య నడిచిన నీ చెవికి దొరుకుతుంది. ఈసారి వెళ్ళినప్పుడు కింద అక్షరాలు చదువుతూనే ఆ రెండు శబ్దాల మీద ఒక చెవి వేసి ఉంచు. పది నిమిషాల్లో పట్టుబడుతుంది.

ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ 1987లో తీసిన ‘ఓ రెవ్వార్ లెజాంఫాం’ చూశావా? 1944 జనవరిలో తను చదివిన బోర్డింగ్ స్కూల్లో జరిగిన సంగతినే ఆయన సినిమాగా తీశాడు. కాథలిక్ ఫాదర్లు నడిపే బడి. అక్కడ మారుపేర్లతో దాచిన ముగ్గురు యూదు పిల్లల్నీ, వాళ్ళని దాచిన ప్రిన్సిపాల్‌నీ గెస్టపో, అంటే అప్పుడు ఫ్రాన్సుని ఆక్రమించిన నాజీల రహస్య పోలీసు, పట్టుకుపోయింది. సినిమాలో ఆ ఫాదర్ గేటు దగ్గర వెనక్కి తిరిగి పిల్లలతో అనే మాటే సినిమాకి పేరు. ఇంగ్లీషులో ‘గుడ్‌బై, చిల్డ్రన్’ అని వేశారు. మన ఇళ్ళలో గడప దాటేటప్పుడు ‘పోతాను’ అననివ్వరు కదా, ‘వెళ్ళొస్తాను’ అనాలి. ‘ఓ రెవ్వార్’ అంటే మళ్ళీ చూసుకునేదాకా అని. ‘వెళ్ళొస్తాను పిల్లలూ’ అన్నాడాయన. ఆ ‘వస్తాను’ ఇంగ్లీషులో లేదు, తెలుగులో ఉంది. పిల్లలు తిరిగి రాలేదు, ఆయనా రాలేదు. ఇది రాయడానికి నీకు ఫ్రెంచి ప్రొఫెసర్ అక్కర్లేదు.

నా తప్పు కూడా ఒకటి చెప్తాను. పాతికేళ్ళ కిందట దార్దెన్ సోదరుల ‘రోజెట్టా’ గురించి రాస్తూ, ‘పారిస్ శివార్లలో ఒక పేదపిల్ల’ అని మొదలుపెట్టాను. ఆ సినిమా బెల్జియంలోది, సెరాన్ అనే ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. ఒక పాఠకుడు మర్యాదగా ఉత్తరం రాశాడు. ఆ మర్యాదే ఎక్కువ బాధపెట్టింది. ఫ్రెంచి మాట్లాడే సినిమా అంతా ఫ్రాన్సు సినిమా కాదు. బెల్జియం ఉంది, కెనడాలో కెబెక్ ఉంది, సెనెగల్ ఉంది. ఇజ్రాయెల్ కోర్టు కూడా ఉంది. రోనిత్ ఎల్కబెట్జ్ తన తమ్ముడితో కలిసి తీసిన ‘గెట్’ (2014) వెతికి చూడు. విడాకులు కావాలని ఒకావిడ మతకోర్టుకి వస్తుంది. మొగుడు ఒప్పుకుంటే తప్ప రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ఇవ్వలేరు. అయిదేళ్ళు గడిచిపోతాయి, కెమెరా ఆ కోర్టు దాటి బయటికి రాదు. అందులో హీబ్రూ, ఫ్రెంచి, మొరాకో అరబిక్ మూడూ వినిపిస్తాయి. సబ్‌టైటిల్స్‌లో మాత్రం మూడూ ఒకటే తెల్లక్షరాలు. ఎవరు ఎప్పుడు ఏ భాషలోకి మారారో రాసుకుంటూ పో, సగం వ్యాసం అదే అవుతుంది.

చెవి సంగతి అయింది, ఇక కన్ను. అలెన్ రెనే అనే ఫ్రెంచి దర్శకుడు 1956లో నాజీ శిబిరాల మీద 32 నిమిషాల డాక్యుమెంటరీ తీశాడు, ‘రాత్రి, పొగమంచు’ అని. అందులోని ఒక ఫొటోలో ఫ్రెంచి గడ్డ మీద ఉన్న నిర్బంధ శిబిరానికి కాపలా కాస్తున్న వాడొకడు కనిపిస్తాడు. వాడి నెత్తిన ఫ్రెంచి పోలీసు టోపీ. సెన్సారువాళ్ళు అదే కనబడకూడదన్నారు. ఆ టోపీ మీద దూలంలా ఏదో గీసి కప్పాల్సి వచ్చింది. శవాల గుట్టలు చూపించొచ్చట, టోపీ చూపించకూడదట! ఎందుకో తెలియాలంటే 1942 జులై 16, 17 తేదీలు తెలియాలి. పారిస్‌లో పదమూడు వేలమంది యూదుల్ని, అందులో నాలుగు వేలకు పైగా పిల్లల్ని, ఫ్రెంచి పోలీసులే ఇళ్ళల్లోంచి లాక్కొచ్చారు. వేలమందిని సైకిల్ పందేల స్టేడియంలో కుక్కారు. అది దేశం చేసిన తప్పని ఒక ఫ్రెంచి అధ్యక్షుడు, షిరాక్, ఒప్పుకునేసరికి 1995 వచ్చింది. నీ వ్యాసంలో ‘నాజీలు పారిస్ యూదుల్ని అరెస్టు చేశారు’ అన్న వాక్యం కింద గీత పెట్టింది అందుకే. ఎవరు చేశారన్నది నిక్కచ్చిగా రాయి. ఈ సినిమాలు సగం ఆ ఒక్క కర్తృపదం కోసం తీసినవే.

ఇంకోటి. ‘యూదు చిత్రోత్సవం’ అనగానే మూడుపేజీలూ ఏడ్చావు. ఈ పండుగ 1980లో మొదలైంది, ఈ తరహా పండుగల్లో ప్రపంచంలోనే మొదటిది. ఏటా జులైలో వస్తుంది. నేను కాస్ట్రో థియేటర్‌లో చూసేవాణ్ణి. 1922 నాటి హాలు, సినిమాకి ముందు ఆర్గన్ వాయించేవాళ్ళు. మన ఊళ్ళో ఆట మొదలయ్యే ముందు మైకులో ఘంటసాల భక్తిపాట వేసేవాళ్ళు గుర్తొచ్చేది. అక్కడ జనం ఎంత నవ్వేవాళ్ళనుకున్నావు! 1973లో వచ్చిన ‘రబ్బీ జాకబ్’ కామెడీలో ఫ్రెంచి హాస్యనటుడు లూయీ ద ఫ్యునెస్ యూదులంటే పడని ఫ్యాక్టరీ ఓనరు. ఆకుపచ్చ చూయింగ్‌గమ్ తొట్టెలో పడి లేచి, చివరికి తనే రబ్బీ వేషం కట్టాల్సొస్తుంది. ఇలాంటిదొకటి చూడకుండా యూదుల గురించి ‘విషాద జాతి’ అని రాసేయకు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిం వాళ్ళున్నారు, వాళ్ళింట్లో మాట్లాడుకునేది తెలుగే. వాళ్ళలో ఒకరు నీ వ్యాసం చదివితే ఏమనుకుంటారో ఒకసారి ఊహించుకుని మళ్ళీ చదువుకో.

చీకట్లో నోట్స్ రాసుకునేటప్పుడు ఫోను తియ్యకు, వెనకవాళ్ళు తిడతారు. చిన్న పుస్తకం, మెత్తటి పెన్సిలు చాలు. గీతల మీద గీతలు పడతాయి, ఇంటికొచ్చి సగమే చదవగలుగుతావు. ఆ సగమే పనికొచ్చేది. షో అయ్యాక డైరెక్టరుతో ప్రశ్నలు, జవాబులు ఉంటే కూర్చో, కానీ ఆయన చెప్పింది నీ అభిప్రాయంగా రాసుకోకు.

మూడో సినిమా గురించి నువ్వు రాసిన ఆ నాలుగు లైన్లు, ముసలావిడ బస్సు డ్రైవర్ని పిలిచిన తీరు, ముట్టుకోలేదు, అలాగే ఉంచాను. అక్కణ్ణుంచి మొదలుపెట్టి తిరగరాసి పంపు. శనివారం పొద్దున్నయితే తీరిగ్గా చదువుతాను. మీ అమ్మగారికి నమస్కారాలు, ఆవకాయ అందింది.

ఇట్లు,
మీ పెదనాన్న