ఏళ్ల తరబడి పోరాడినా మార్పు రాకపోతే హక్కుల కార్యకర్తలకు ఆశ ఎలా మిగులుతుంది?

నాకు తెలిసినంతలో, వాళ్లు ఆశ కోసం ఎదురుచూస్తూ కూర్చోరు, చేతిలో ఉన్న పని చేసుకుపోతారు. బెజవాడ విల్సన్ సంగతే చూడండి. కర్ణాటకలోని కోలార్ బంగారు గనుల్లో పాకీపని, అంటే మనుషుల మలాన్ని చేత్తో ఎత్తిపోసే పని చేసే కుటుంబంలో పుట్టాడు. గుంతలో పడిపోయిన బకెట్ కోసం ఒకతను మలంలోకి చెయ్యి పెట్టడం చూసి ఏడ్చేశాడట.

1993లో ఆ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అయినా చాలా రాష్ట్రాలు ‘మా దగ్గర అసలు అలాంటి పనే లేదు’ అనేశాయి. లేదన్నదాన్ని ఉందని నిరూపించడం ఎంత తలనొప్పో! విల్సన్, ఐఏఎస్‌గా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్లు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ అనే సంస్థ ఊరూరా తిరిగి ఫొటోలు తీసి, వివరాలు రాసుకుని, 2003లో సుప్రీంకోర్టుకెళ్లింది. తీర్పు 2014లో వచ్చింది, అంటే పదకొండేళ్లకు. మ్యాన్‌హోల్ మరణాలకు 10 లక్షల పరిహారం ఇవ్వమంది కోర్టు. 2023లో మరో కేసులో దాన్ని 30 లక్షలు చేసింది.

మ్యాన్‌హోల్ చావులు మాత్రం ఆగలేదు. టెన్షన్, విసుగు వాళ్లకూ ఉంటాయి. కానీ ఒక్క ఊళ్లో ఒక్క పొడి మరుగుదొడ్డి (నీళ్లు లేక, మలాన్ని మనిషే ఎత్తాల్సినది) కూలినా, ఒకావిడకు రేపట్నుంచి గంప మోసే పని తప్పుతుంది.