మేనకోడలికి మావయ్య ఉత్తరం

అమ్మడూ,

తలలో రక్తం ఎలా పారుతుందో లైటుతో, అల్ట్రాసౌండ్‌తో కొలిచే పనికి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. వీధిలో నలుగురికీ చెప్పి వచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు కళ్ళు. మీరు వాడేది 700 నుంచి 900 నానోమీటర్ల కాంతి. అది కంటికి సరిగా ఆనదు, అందుకే రెప్ప కూడా పడదు. లేజర్ గదిలో కళ్ళజోడు తీశావని తెలిస్తే బెంగళూరు నుంచి మూటాముల్లె సర్దించేస్తా.

అల్ట్రాసౌండ్ పెట్టేముందు జెల్ ధారాళంగా రాయి. బీపీ రాసుకో. పేషెంటు భయంతో ఊపిరి బిగబడితే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మెదడుకు రక్తం ఎక్కువవుతుంది, కాస్త కబుర్లాడించు.

అప్పట్లో నేను డాప్లర్ గదిలో కొత్త, అంటే రక్తం పారే చప్పుడు అల్ట్రాసౌండ్‌తో వినే గదిలో. కోలారు వైపు నుంచి ఒక పెద్దామె వచ్చింది, మన తెలుగే. కణత మీద 2 మెగాహెర్ట్జ్ ప్రోబ్ (అల్ట్రాసౌండ్ పంపి, అందుకునే పరికరం) పెట్టి, 50 మిల్లీమీటర్ల లోతున వెతికాను. చప్పుడు లేదు. రెండోవైపూ అంతే. బయట క్యూ. విసుగొచ్చి "రక్తప్రవాహం లేదు" అని రాసిచ్చేశాను. కారిడార్‌లో అది చదివి కొడుకు నేలమీద కూలబడ్డాడు. లోపల ఆవిడేమో "అయిపోయిందా నాయనా, ఇడ్లీ తినొచ్చా?" అని అడుగుతోంది! మాట్లాడుతున్న మనిషి మెదడుకు రక్తం లేదని రాశాన్రా నేను. పెద్ద డాక్టరు వచ్చి, ఆమెను తల వంచమని, మెడ వెనక పుర్రె కింద ప్రోబ్ పెట్టాడు. ఉష్, ఉష్ మని నిక్షేపంగా వినబడింది. కణత ఎముక దళసరైతే అల్ట్రాసౌండ్ దూరదు. ముసలి ఆడవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. నా చేతే ఆ రాత కొట్టేయించి "విండో దొరకలేదు", అంటే అల్ట్రాసౌండ్ దూరే సందు దొరకలేదు అని రాయించాడు. ఆ కొడుక్కి మంచినీళ్ళిచ్చాను గానీ మొహం చూడలేకపోయాను.

నీ లైటుకీ ఇలాంటి తిప్పలే. ముందు దొరికేది నెత్తిచర్మంలోని రక్తం. తలకు కట్టే లైటు పట్టీ బిగిస్తే చాలు, గ్రాఫు మారిపోతుంది, మెదడు మారిందని మురిసిపోకు. లైటుకు దూరంగా పెట్టే డిటెక్టరుతో (కాంతిని పట్టేది) పాటు దగ్గర్లో ఇంకోటి పెట్టు, పైపై రక్తం లెక్క తీసెయ్యొచ్చు. అల్ట్రాసౌండ్ కుదిపిన చోటి గుండా వచ్చిన కాంతి ఫ్రీక్వెన్సీ రవ్వంత మారుతుందట కదా, దాన్ని బట్టి లోతు పసిగడతారని విన్నాను. మా రోజుల్లో అదుంటేనా!

ఆదివారం మల్లేశ్వరం రా. అత్తయ్య పులిహోర చేస్తానంది. వీలైతే ప్రోబ్ తెచ్చుకో, నా కణత మీద ప్రాక్టీసు చేద్దువుగానీ. ఎడమవైపు దొరకదు, ముందే చెబుతున్నా.

నీ మావయ్య