ఒంగోలా, నెల్లూరా, చెన్నైనా? హెచ్‌ఐవీ మందులు ఎక్కడ తీసుకుంటే బాగుంటుంది?

దర్శిలో ఉన్న మీ తమ్ముడికి హెచ్‌ఐవీ అని తేలిందన్నారు. ఒంగోలు మందులకూ నెల్లూరు మందులకూ తేడా ఉంటుందా, అప్పు చేసైనా చెన్నైలో ప్రైవేటుగా చూపించాలా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. 2011 నుంచి ఈ మందులు వాడుతున్నాను, ఈలోగా మూడు చోట్లు మారాను.

ముందు ఆ అప్పు ఆలోచన మానుకోండి. ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే చోట్ల, మందులు ఉచితం, 2004 నుంచీ ఇస్తున్నారు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే పెద్దవాళ్ళలో ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే బిళ్ళ, రోజుకు ఒకటి. ఒంగోలులో అదే, నెల్లూరులో అదే. చెన్నైలో పెద్ద డాక్టరు రాసినా చాలావరకు అదే, డబ్బా మీద కంపెనీ పేరు మారుతుందంతే.

మరి ఫలానా చోట బాగుపడతారు, ఫలానా చోటికి వెళ్తే తిరిగి రారు అని ఎందుకంటారు? మా వైపు కూడా అనేవాళ్ళు. వెళ్ళి వరసలో కూర్చున్నాక నాకు అర్థమైంది. పెద్దాసుపత్రికి వచ్చేవాళ్ళలో చాలామంది నాటుమందులన్నీ అయ్యాక, సీడీ4 (రోగాన్ని ఎదిరించే కణాల లెక్క) యాభైకి పడిపోయి, టీబీతో మంచాన పడ్డాక వస్తారు. తొందరగా తెలిసి నడుచుకుంటూ వచ్చినవాళ్ళు తక్కువ. ఈ రెండు రకాలవాళ్ళను పక్కపక్కన పెట్టి ఆసుపత్రికి మార్కులు వేస్తే ఎట్లా? ఇంకో మెలిక ఉంది. మధ్యలో మానేసి కనపడకుండా పోయినవాడు ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. వాణ్ణి లెక్కలోంచి తీసేస్తే ఏ ఆసుపత్రి అయినా గొప్పగానే కనపడుతుంది.

అట్లాగని అన్నీ ఒకటే అని కూడా అనను. నేను మొదట చూపించుకుంది మా టౌన్లో ప్రైవేటుగా. కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళు, గుట్టు బయటపడేది కాదు. కానీ చేతిలో డబ్బు లేని నెల మందూ లేదు. ఓసారి ఇరవై రోజులు ఆపేశాను. ఎందుకు రాలేదని అడిగే నాథుడు లేడు. ఏడాది తిరిగేసరికి సీడీ4 మొదట్లో ఉన్నదానికంటే తగ్గింది.

తర్వాత మావాళ్ళ కంటపడకుండా పక్క జిల్లాలోని ఏఆర్‌టీ సెంటర్లో పేరు రాయించుకున్నాను. అక్కడ కౌన్సెలర్ మేడమ్ నా డబ్బా టేబుల్ మీద బోర్లించి, వేలితో రెండేసి బిళ్ళలు జరుపుతూ లెక్కపెట్టింది. నాలుగు ఎక్కువున్నాయి. "ఈ నాలుగూ ఏ రోజువి?" అంది. గొంతులో కోపం లేదు, కానీ నాకు ముచ్చెమటలు పోశాయి. తేదీ దాటితే ఫోన్ చేసేది. నన్ను నిలబెట్టింది ఆ లెక్కే.

పని మీద వేరే ఊరికి మారినప్పుడు మూడో చోటు. మందు అదే. కానీ వైరల్ లోడ్‌కు, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్షకు, రక్తం తీసుకున్నాక అయిదు నెలలు రిజల్ట్ రాలేదు. అడిగితే "వస్తుందిలే". నాలుగోసారి గట్టిగా అడిగితే మళ్ళీ శాంపిల్ తీశారు. తేడా అంటే ఇదీ.

కాబట్టి ఎక్కడికి వెళ్ళినా అడగాల్సింది వైరల్ లోడ్. మొదలుపెట్టిన ఆరో నెలలో, ఏడాదికి, ఆ తర్వాత ఏడాదికోసారి చేస్తారు. వెయ్యి దాటితే వెంటనే మందు మార్చేయరు. మూడు నెలలు కౌన్సెలింగ్ చేసి మళ్ళీ చూస్తారు. ఆ సంఖ్యను సెంటర్లో మీ తమ్ముడికి ఇచ్చే పచ్చ పుస్తకంలో రాయించుకోండి. సెంటర్ దగ్గర ఉండేది తెల్ల కార్డు. ఆ మాట వినగానే నేను రేషన్ కార్డు తీసుకెళ్ళాను, అదో నవ్వులాట.

మా ఆవిడకు ఓసారి, ఏళ్ళ తరబడి పరీక్షలో కనపడని వైరస్ వందల్లోకి వచ్చింది. ఒక్క పూట కూడా తప్పలేదని ఒట్టు వేసింది. నర్సమ్మ ఓపిగ్గా, "ఇంకేం బిళ్ళలు వేసుకుంటున్నావమ్మా?" అని అడిగితే అప్పుడు బయటపడింది. పరగడుపున ఈ మందుతోపాటే ఐరన్, కాల్షియం, గ్యాస్‌కు యాంటాసిడ్ బిళ్ళ కూడా మింగుతోంది. అవి డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవట. హెచ్‌ఐవీ బిళ్ళను వాటికి రెండు గంటల ముందు వేసుకోవాలి, లేదా అవి వేసుకున్న ఆరు గంటల తర్వాత. అదొక్కటే కారణమని డాక్టరు తేల్చి చెప్పలేదు గానీ, వేళలు మార్చాక మూడు నెలలకు మళ్ళీ కనపడకుండా పోయింది.

దూరం సంగతి కూడా చూడండి. దర్శి నుంచి ఒంగోలు నెలనెలా వెళ్ళి రావచ్చు. చెన్నై రెండు నెలలు వెళ్తాడు, మూడో నెల బద్ధకిస్తాడు. దగ్గర్లో లింక్ సెంటర్ (పెద్ద సెంటర్‌కు అనుబంధంగా మందులిచ్చే చోటు) ఉందేమో ఒంగోలులోనే అడగండి. కుదురుకున్నాక మందులు అక్కడే తెచ్చుకోవచ్చు. ఎవరైనా చూస్తారన్న భయం ఉంటే, వివరాలు బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టంలోనే ఉంది. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసినా చెబుతారు. బస్సులో డబ్బా గలగలమంటుందని మా ఆవిడ పైన దూది కుక్కి ఇస్తుంది, అదీ పనికొస్తుంది.

మీ తమ్ముడి సీడీ4 ఎంత, టీబీ పరీక్ష చేశారా? అవి రాయలేదు మీరు. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ పన్నెండు గంటల తేడాతో ఇంకొకటి అదనంగా ఇస్తారు. అది ముందే డాక్టరుకు చెప్పండి.