లైవ్‌లో మా ఇల్లు కనపడదా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది కవిటి దగ్గర పల్లె. మా పెద్దోడు ఖతార్‌లో పనిచేస్తున్నాడు, రాత్రిళ్లు గూగుల్ ఎర్త్ తెరిచి మనిల్లు చూస్తన్నా నాన్నా అంటాడు, కానీ వాడికింకా పాత పెంకుటిల్లే కనపడతందట, మేం పోయిన సంక్రాంతికే స్లాబ్ వేసేశాం. లైవ్ ఎందుకు రాదు? ఇంకోటి, పక్క తోటవాళ్లతో గట్టు తగువుంది, అందులో కొలిచి చూపిస్తే చెల్లుతుందా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అది లైవ్ కాదండీ. శాటిలైట్లు, కొన్నిచోట్ల విమానాలు వేర్వేరు రోజుల్లో తీసిన ఫొటోల్ని అతికించి గోళంలా చూపిస్తారు. మబ్బు అడ్డొస్తే ఆ ఫొటో పనికిరాదు, మంచిది దొరికి మార్చేదాకా పాతదే ఉంటుంది, పల్లెలకి ఒక్కోసారి రెండేళ్లు దాటినా మారదు. స్క్రీన్ అడుగున ఫొటో తేదీ ఉంటుంది, అబ్బాయిని చూసుకోమనండి.

నన్నడిగితే ఆ పాత ఫొటోలే అసలైన ఆస్తి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోమనండి, 2015 నుంచి ఫ్రీయే. పైన గడియారం బొమ్మ నొక్కితే స్లైడర్ వస్తుంది, దాన్ని వెనక్కి జరుపుకుంటూ 2018 అక్టోబర్ కంటే ముందటి ఫొటోకి వెళ్లి మీ ఉద్దానం తోటలు చూడండి. ఫొటో స్పష్టంగా ఉన్నచోట బాగా జూమ్ చేస్తే కొబ్బరి చెట్టు తల నక్షత్రంలా విచ్చుకుని, పక్కన సన్నటి నీడతో కనపడుతుంది. ఇప్పుడు ఆ అక్టోబర్‌లో వచ్చిన తిత్లీ తుపాను తర్వాత తీసిన ఫొటోకి రండి. తెల్లారేసరికి తోటలకి తోటలే పోయాయని చెప్తే నమ్మని బయటివాళ్లకి ఈ రెండూ చూపిస్తే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. మళ్లీ నాటిన మొక్కలు ఎక్కడెక్కడ ఎదిగాయో, ఏ చెక్క ఇంకా బోడిగానే ఉందో కూడా ఏడాది ఏడాదీ చూసుకోవచ్చు.

గూగుల్ ఎర్త్‌లోనే టైమ్‌లాప్స్ అని ఇంకోటుంది, ఏళ్ల తరబడి మార్పుల్ని వీడియోలా చూపిస్తుంది, 1984 నుంచి మొదలవుతుంది. అందులో చెట్లు కనపడవు గానీ, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసేచోట ఇసుక తిన్నెలు ఎలా జరుగుతూ వచ్చాయో చూడండి, పిల్లలకి కూడా చూపించండి.

గట్టు సంగతంటారా, తోట చుట్టూ గీత గీస్తే (దాన్నే పాలిగన్ అంటారు) ఎకరాలు చెప్తుంది, మన అంచనాకి పనికొస్తుంది. చెల్లడం మాత్రం చెల్లదు. ఫొటో నేలమీద కొన్ని మీటర్లు అటూఇటూ జరిగుండొచ్చు, మీ తగువేమో మూరల్లో ఉంటుంది. సర్వేకి అర్జీ పెట్టుకుని ఎఫ్‌ఎంబీ (సర్వేవాళ్ల పొలం కొలతల పుస్తకం) ప్రకారం కొలిపించుకోండి, పక్కవాళ్లకి ముందే కబురు చేసి వాళ్ల ఎదురుగానే.