ఓటు లేకపోయినా టీడీ (ఐర్లండ్ ఎంపీ) చేత ప్రశ్న వేయించొచ్చా? మా పాప విషయంలో మాకు జరిగింది

మీ ప్రశ్న చదివాను. డబ్లిన్ వచ్చి మూడేళ్లు, బాబుకి మాటలు ఆలస్యం, అసెస్‌మెంట్ ఆఫ్ నీడ్‌కి (పిల్లలకి ఏం అవసరమో తేల్చే ప్రభుత్వ పరీక్ష) దరఖాస్తు పెట్టి ఎనిమిది నెలలైనా పిలుపు లేదు. ఎవరో టీడీని పట్టుకుని పార్లమెంటులో ప్రశ్న వేయించమన్నారు. ఓటు లేని మన మాట వాళ్లు వింటారా, బాబు పేరు బయట పడుతుందా, రేపు వీసాకో పౌరసత్వానికో అడ్డొస్తుందా అని అడిగారు.

వింటారు. పేరు బయట పడదు. మూడోది చివర్లో చెప్తాను. ముందు ఆ ప్రశ్న వల్ల ఏం వస్తుందో, ఏం రాదో చెప్పాలి. అది తెలియక మేం రెండు నెలలు పోగొట్టుకున్నాం.

మా పాపకి అప్పుడు మూడేళ్లు. ‘ఇంట్లో తెలుగు, క్రెష్‌లో ఇంగ్లీషు, పిల్ల కన్ఫ్యూజ్ అవుతోంది’ అని ఇక్కడి ఫ్రెండ్స్. ‘వాళ్ల నాన్నకీ నాలుగో ఏడు దాకా మాట రాలేదు, ఊరుకోండి’ అని ఫోన్లో మా అత్తగారు. ఊరుకోలేక 2023 మార్చిలో దరఖాస్తు పెట్టాం. ఇక్కడి 2005 వైకల్య చట్టం ప్రకారం దరఖాస్తు పూర్తిగా అందిన మూడు నెలల్లో పరీక్ష మొదలుపెట్టాలి, ఆ తర్వాత మూడు నెలల్లో ముగించాలి. అంటే సెప్టెంబర్‌కి అయిపోవాలి. నేను క్యాలెండర్లో గీత కూడా గీసి పెట్టుకున్నాను!

గీత దాటిపోయింది. మీకూ అదే జరుగుతోంది కాబట్టి కారణం చెప్తాను. 2020లో ఆరోగ్య సంస్థ హెచ్‌ఎస్‌ఈ ఒక దగ్గరి దారి పెట్టింది. పూర్తి పరీక్షకి బదులు గంటన్నర పాటు ప్రాథమికంగా చూసి పంపేయడం. ఇది చట్టం అడిగే పరీక్ష కాదని 2022 మార్చిలో హైకోర్టు తేల్చింది. దాంతో ఆ గంటన్నరతో సరిపెట్టిన వేల ఫైళ్లు మళ్లీ తెరవాల్సి వచ్చింది. వెనక కొత్త దరఖాస్తులు ఆగవు కదా. 2025 మధ్యకి గడువు దాటిన దరఖాస్తులు 15,000 దాటాయి. ఆ మే నెలలో టిప్పరరీకి చెందిన పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతి దీని మీదే పార్లమెంటు భవనం లీన్‌స్టర్ హౌస్ ముందు 50 గంటలు కూర్చుంది. మన దరఖాస్తు ఒక్కటే ఎక్కడో పడిపోయిందేమో అన్న టెన్షన్ వద్దు.

సరే, టీడీ సంగతి. టీడీ అంటే ఇక్కడి దిగువ సభ సభ్యుడు. సభ పేరు డాల్ (నాకైతే మొదట్లో పప్పే గుర్తొచ్చేది). డాల్ ఎన్నికల్లో ఐరిష్, బ్రిటిష్ పౌరులకే ఓటు. మనం పౌరులం కాకపోయినా స్థానిక కౌన్సిల్ ఎన్నికల్లో వేయొచ్చు, ఓటరు జాబితాలో పేరు ఎక్కించుకోండి, చాలామంది మనవాళ్లు ఆ పని చేయరు. టీడీ ఆఫీసుకి మాత్రం మీరు వాళ్ల నియోజకవర్గంలో ఉంటే చాలు. ఒక్కో నియోజకవర్గానికి ముగ్గురు నుంచి ఐదుగురు టీడీలు ఉంటారు, వేరే వేరే పార్టీల వాళ్లు. ఆ పోటీ మనకి మంచిదే. ఒకరు పట్టించుకోకపోతే పక్కవాళ్లున్నారు. మమ్మల్ని ఓటు ఉందా అని ఎవరూ అడగలేదు, అడ్రసు అడిగారు అంతే.

వీళ్లు ప్రజల్ని కలిసేదాన్ని క్లినిక్ అంటారు. నవంబర్లో ఒక శనివారం పొద్దున, ఒక షాపు పైన చిన్న గది. వర్షం. మా ముందు ఒక పెద్దావిడ కౌన్సిల్ ఇల్లు గురించి, ఒకాయన బస్టాపు గురించి వచ్చారు. నేను నాలుగు పేజీలు టైప్ చేసుకుని వెళ్లాను. పుట్టినప్పటి బరువు దగ్గర్నుంచి అంతా అందులో ఉంది. టీడీ ఓపిగ్గా విన్నారు. పక్కన కూర్చుని నోట్ చేసుకుంటున్న అసిస్టెంట్ అమ్మాయి కాగితాలు తిరగేసి, ‘ఇదంతా సరే, మీకు ఏ ప్రశ్నకి జవాబు కావాలి? ఒక్క వాక్యంలో చెప్పండి’ అంది.

నేను, మా ఆయన మొహమొహాలు చూసుకున్నాం. మా మనసులో ఉన్నది వేరు. మన దగ్గర ఎమ్మెల్యే దగ్గరికి ఎందుకు వెళ్తాం? లెటర్ కోసం. తిరుమలలో బ్రేక్ దర్శనానికి సిఫార్సు లేఖ తెచ్చుకున్నట్టు, ఇది చూపిస్తే క్యూలో ముందుకి పంపుతారనే లెక్కలో వెళ్లాం. ఆ మాటే కాస్త తిప్పి అడిగాను కూడా. ఆ అమ్మాయి నవ్వి, క్యూ మార్చడం మా చేతుల్లో లేదు, మార్చకూడదు కూడా, తేదీ రాతపూర్వకంగా రప్పించడం వరకు మా చేతుల్లో ఉంది అని చెప్పింది. అంటే సిఫార్సు లేఖ కాదు, మన సమాచార హక్కు దరఖాస్తు లాంటిది. కాకపోతే వెళ్లేది మంత్రి దగ్గరికి.

ఈ పార్లమెంటు ప్రశ్నని ఇక్కడ అందరూ పీక్యూ అంటారు. రెండు రకాలు. నోటి ప్రశ్నలు సభలో మంత్రి నిలబడి జవాబు చెప్పేవి. ఒక్కో మంత్రి వంతు కొన్ని వారాలకోసారి వస్తుంది, అవి విధానాల మీద ఉంటాయి. మనలాంటి వాళ్లకి పనికొచ్చేది రాతపూర్వక ప్రశ్న. అది వెళ్లిన కొద్ది రోజుల్లోనే జవాబు వచ్చేస్తుంది. మాది దాదాపు ఇలా ఉంది: ‘ఒక చిన్నారికి (వివరాలు అందజేశాం) అసెస్‌మెంట్ ఆఫ్ నీడ్ ఎప్పుడు పూర్తి చేస్తారో మంత్రిని అడుగుతున్నాను, దీనిపై ప్రకటన చేస్తారా’. ఆ బ్రాకెట్లో మాటే మీ రెండో భయానికి జవాబు. పేరు, పుట్టిన తేదీ, అడ్రసు విడిగా వెళ్తాయి. పార్లమెంటు వెబ్‌సైట్లో అందరికీ కనబడేది ‘వివరాలు అందజేశాం’ అన్నది మాత్రమే. వాళ్లు మీ తరఫున అడగడానికి మీ చేత సంతకంతో ఒక సమ్మతి పత్రం కూడా తీసుకుంటారు.

ఇంకో సంగతి. పిల్లల వైకల్య సేవలు 2023 మార్చి 1 నుంచి ఆరోగ్య శాఖ నుంచి పిల్లల శాఖకి మారాయి. అప్పుడు మంత్రి రోడరిక్ ఓగోర్మన్, 2025 జనవరి నుంచి నోర్మా ఫోలీ. నా కాగితాల మీద ఆరోగ్య మంత్రి అని రాసి ఉంటే ఆ అమ్మాయే కొట్టేసి దిద్దింది.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. ఉత్సాహంగా తెరిచి చూస్తే, ఇది సేవలకు సంబంధించిన విషయం కాబట్టి హెచ్‌ఎస్‌ఈని నేరుగా మీకు జవాబివ్వమని కోరాను అని రెండు లైన్లు! నీరుగారిపోయాను. తర్వాత తెలిసింది, ఒక్క పిల్ల గురించి అడిగిన ప్రశ్నకి మొదటి జవాబు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. మంత్రి దగ్గర పిల్లల ఫైళ్లు ఉండవు. అసలు జవాబు ఆ తర్వాత టీడీ పేరు మీద ఉత్తరంగా వస్తుంది. మీకు ఆ రెండు లైన్లు వచ్చినప్పుడు వదిలేయకండి, ఉత్తరం వచ్చిందా అని టీడీ ఆఫీసుని మూడు వారాల తర్వాత అడగండి.

మాకు ఆ ఉత్తరమూ వచ్చింది. ఈ పేరుతో దరఖాస్తు ఏదీ కనబడలేదు అని.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇన్ని నెలలు ఎదురుచూసింది దరఖాస్తు లేకుండానేనా! మా ఆయన పాత ఈమెయిల్స్ తవ్వి తీస్తే విషయం బయటపడింది. దరఖాస్తులో పాస్‌పోర్ట్ ప్రకారం పాప పేరు ముందు, ఇంటిపేరు చివర. నేను టీడీ ఆఫీసుకిచ్చిన కాగితంలో చిన్నప్పటి అలవాటుకొద్దీ ఇంటిపేరు ముందు రాశాను. వాళ్లు చివర ఉన్న పాప పేరునే ఇంటిపేరు అనుకుని వెతికారు. తప్పు పూర్తిగా నాది. దరఖాస్తు అందినట్టు వచ్చిన ఉత్తరం మీదున్న నంబరు ఇచ్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. అది కూడా ఇవ్వలేదు. క్రిస్మస్ సెలవులు మధ్యలో రావడంతో రెండోసారి ప్రశ్న జనవరిలో గానీ వెళ్లలేదు.

ఈసారి వచ్చిన ఉత్తరంలో రెండు విషయాలున్నాయి. దరఖాస్తు పూర్తిగా అందినట్టు ఏ తేదీన నమోదైంది, పరీక్ష 2024 రెండో త్రైమాసికంలో ఉండొచ్చు అని. జూన్ మొదటి వారంలో పిలిచారు. ప్రశ్న వల్లే పిలిచారని మా ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. వంతు వచ్చింది పిలిచారు అని నా మాట. కానీ ఆ తేదీ మాకు చాలా ఉపయోగపడింది. అప్పటికి చీటీ డబ్బులతో ప్రైవేటులో చేయిద్దామని మాట్లాడేసుకున్నాం, మాకు చెప్పిన రేటు 1,200 యూరోలు. తేదీ తెలిశాక ఆగాం, ఆ డబ్బు తర్వాత స్పీచ్ థెరపీకి వాడాం. ఎందుకంటే, ఇది ఎవరూ ముందు చెప్పరు, అసెస్‌మెంట్ అంటే థెరపీ కాదు. పిల్లకి ఏం అవసరమో రాసిచ్చే రిపోర్ట్. థెరపీకి మళ్లీ వేరే క్యూ, దానికి చట్టంలో మూడు నెలల గడువు లాంటిది లేదు. ఈలోగా ఇంట్లో తెలుగు మానేయకండి. మాకు దొరికిన థెరపిస్ట్ మొదటిరోజే చెప్పిన మాట అది.

గడువు దాటితే అదే చట్టం కింద ఫిర్యాదు చేసే హక్కూ ఉంది, ఫిర్యాదుల అధికారి ఉంటారు, అక్కడ తేలినది అమలు కాకపోతే సర్క్యూట్ కోర్టు దాకా వెళ్లొచ్చు. మేం అంతవరకు వెళ్లలేదు. మీరు వెళ్తే ఆ నమోదు తేదీ ఉన్న ఉత్తరం దగ్గరుండాలి.

మన గ్రూపుల్లో ఒక భయం తిరుగుతుంటుంది, ఇలాంటివి అడిగితే టుస్లా వాళ్ల కంట్లో పడతామని. టుస్లా వేరు. అది 2014 జనవరి 1న మొదలైన పిల్లల, కుటుంబాల సంస్థ. పిల్లల రక్షణ, ఫోస్టర్ కేర్, క్రెష్‌ల తనిఖీ దాని పని. మీ అసెస్‌మెంట్ దరఖాస్తు దాని దగ్గరికి వెళ్లేది కాదు. పిల్లల్ని తీసుకుపోతారన్న కథలకి వస్తే, దానికి కోర్టు ఆర్డరు కావాలి. ప్రమాదం ఎదురుగా ఉంటే గార్డాలు (ఇక్కడి పోలీసులు) ముందు కదలొచ్చు, తర్వాతైనా కోర్టుకి రావాల్సిందే. మనవాళ్లకి టుస్లా నుంచి ఉత్తరం వచ్చేది ఎక్కువగా ఇంకో దారిలో. ఆరు నుంచి పదహారేళ్ల పిల్లలు ఏడాదిలో 20 రోజులు బడి మానితే స్కూలు వాళ్లకి చెప్పి తీరాలి. సంక్రాంతికని వెళ్లి శివరాత్రికి వచ్చే వాళ్లు గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి చేయొచ్చు. ఒక్కో ఏరియాలో ఎంతమంది పిల్లలు ఎన్ని నెలలుగా ఆగి ఉన్నారు అని టీడీలు అడుగుతుంటారు, ఆ జవాబులు పట్టికలతో సహా పార్లమెంటు వెబ్‌సైట్లో ఉంటాయి. మీ ఏరియా పేరుతో వెతకండి. నేను వెతికినప్పుడు మా ఏరియా వరసలో ఒక అంకె కనబడింది, అందులో ఒకటి మా పిల్ల అనుకుని కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. ఫలానా జవాబులో మా ఏరియాకి ఇంత ఉంది అని మీ మెయిల్‌లో ఒక ముక్క రాస్తే టీడీ ఆఫీసులో దాన్ని ఇంకాస్త శ్రద్ధగా చదువుతారు.

పౌరసత్వం మాటకొస్తే, మేం పాప అసెస్‌మెంట్ అంతా అయ్యాక, పోయినేడు అప్లై చేశాం. టీడీకి రాశారా, పిల్లకి ఏ పరీక్ష చేయించారు అని ఆ ఫారంలో ఎక్కడా లేదు.

డాల్ జూలై మధ్యలో వేసవి సెలవులకి మూతపడితే మళ్లీ సెప్టెంబర్లోనే. అప్పటిదాకా ప్రశ్నలు మామూలుగా వెళ్లవు. కాబట్టి ఈ వారమే మెయిల్ పెట్టండి, నాలుగు పేజీలు వద్దు. దరఖాస్తు నంబరు, అందిన తేదీ, బాబు పుట్టిన తేదీ, ఎయిర్‌కోడ్ (ఇక్కడి పిన్‌కోడ్), ఒక్క వాక్యంలో ప్రశ్న. ఇంటిపేరు చివర.