90 రోజుల నోటీసు: చెప్పకుండా మానేయొద్దు, అలాగని మూడు నెలలూ కూర్చోనక్కర్లేదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరు మానేయాలంటే 90 రోజుల నోటీసు, కంపెనీ మిమ్మల్ని తీసేయాలంటే 30 రోజులు చాలు. కొత్త కంపెనీ నెలన్నరలో చేరమంటోంది. మేనేజరేమో ఒక్క రోజు కూడా తగ్గించనంటున్నాడు. వాళ్ళకో న్యాయం, నాకో న్యాయమా, రేపట్నుంచి ఆఫీసుకు వెళ్ళకపోతే ఏమవుతుంది అని అడుగుతున్నారు.

పోలీసులైతే రారు. కోర్టు కూడా మిమ్మల్ని బలవంతంగా ఆ సీట్లో కూర్చోబెట్టి పని చేయించలేదు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ప్రకారం ఇలాంటి వ్యక్తిగత సేవల ఒప్పందాన్ని అలా అమలు చేయించడం కుదరదు. కంపెనీ అడగగలిగేది డబ్బే. కానీ అసలు దెబ్బ కోర్టులో కాదు, కొత్త కంపెనీ మీ పాత రికార్డు ఆరా తీసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పడుతుంది. రికార్డులో 'అబ్‌స్కాండింగ్' (చెప్పకుండా మాయమయ్యాడు) అని రాసేస్తే, పద్ధతిగా మానేసినట్టు ఇచ్చే రిలీవింగ్ లెటర్ రాదు, తర్వాత వెళ్ళే ప్రతి కంపెనీలోనూ దానికి సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే మానేయొద్దంటున్నాను, కంపెనీ మీద జాలితో కాదు.

నేను మాదాపూర్‌లో ఒక సర్వీస్ కంపెనీలో ఇదే 90 రోజుల నోటీసు మీద పనిచేశాను. ఇప్పుడు వేరేచోట ఇంటర్వ్యూలు చేసే వైపు కూర్చుంటున్నాను. మనిషి హఠాత్తుగా వెళ్ళిపోతే క్లయింట్ బిల్లింగ్ ఆగుతుంది, బదులు మనిషి దొరకడానికి టైం పడుతుంది, కాబట్టి కంపెనీల బాధ నిజమే. కానీ ఆ మూడు నెలలూ కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే పని ఇంకొకరికి నేర్పి అప్పగించడం) జరుగుతుందనుకుంటే పొరపాటు. నేను చూసినంతలో మొదటి రెండు నెలలు ఎవరూ పట్టించుకోరు, చివరి పది రోజుల్లో హడావుడి మొదలవుతుంది. ఈలోగా ఉద్యోగి చేతిలో ఉన్న ఆఫర్ చూపించి ఇంకో ఆఫర్, అది చూపించి మూడోది తెచ్చుకుంటాడు. చేరతానన్నవాళ్ళు చేరాల్సిన వారం ఫోన్ ఎత్తకపోతే ఇటు కూర్చున్నవాళ్ళకు తిక్కరేగుతుంది. మనిషిని కట్టేయడానికి పెట్టిన నిబంధనే వాడికి బేరమాడే టైం ఇస్తోంది మరి.

ఇక న్యాయం సంగతి. నేను నోటీసులో ఉన్న రోజుల్లోనే మా టీంలో ఒకతన్ని ఉదయం మీటింగ్‌కు పిలిచి, సాయంత్రానికల్లా లాప్‌టాప్ తీసుకుని, ఒక నెల జీతం ఇచ్చి పంపించేశారు. అతని పనికి కేటీ అక్కర్లేకపోయింది! 1986లో బ్రోజో నాథ్ గంగూలీ కేసులో, కారణం చెప్పకుండా మూడు నెలల నోటీసుతో పర్మనెంట్ ఉద్యోగిని తీసేసే షరతు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. బేరమాడే శక్తి లేనివాడితో సంతకం పెట్టించుకోవడం గురించి అందులో గట్టిగానే మాట్లాడింది. అయితే అది ప్రభుత్వ సంస్థ కేసు, ప్రైవేటు ఉద్యోగికి నేరుగా అక్కరకు రాదు. పైగా 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో, మూడేళ్ళలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న బాండ్‌ను అదే కోర్టు సమర్థించింది. కాబట్టి కోర్టుకు వెళ్తే చూసుకుందాంలే అనే ధీమా పెట్టుకోకండి.

నేను చేసింది చెప్తాను. రిజైన్ మెయిల్‌లోనే నేను కోరుకునే లాస్ట్ వర్కింగ్ డే రాశాను. ఏ మాడ్యూల్ ఎవరికి, ఏ తేదీలోపు అప్పగిస్తానో కేటీ ప్లాన్ జతచేశాను. మిగతా రోజులకు బైఅవుట్, అంటే ఆ రోజుల డబ్బు కట్టేసి ముందే వెళ్ళే వీలు, అడిగాను. మా అపాయింట్‌మెంట్ లెటర్‌లో బైఅవుట్ 'మేనేజ్‌మెంట్ ఇష్టం' అని ఉండటంతో మేనేజర్ నోటితో కుదరదన్నాడు. అదే మాట మెయిల్‌లో పెట్టమన్నాను, పెట్టలేదు. నా పని తీసుకునే అమ్మాయి క్లయింట్ కాల్ ఒకటి ఒంటరిగా నడిపాక హెచ్ఆర్ మెత్తబడింది. నా అనుభవంలో మేనేజర్‌ను కదిలించేది మీ కష్టం కాదు, 'మీరు లేకపోయినా నడుస్తుంది' అన్న రుజువు.

బైఅవుట్ లెక్క బేసిక్ జీతం మీదా, అలవెన్సులు కలిపిన గ్రాస్ మీదా అన్నది మీ లెటర్‌లో చూడండి, తేడా చాలా ఉంటుంది. దాని మీద జీఎస్టీ కూడా వేస్తే ఒప్పుకోకండి, నోటీసు పే రికవరీకి జీఎస్టీ వర్తించదని 2022 ఆగస్టులో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది. కొత్త కంపెనీ బైఅవుట్ భరిస్తామంటే ఆ మాట ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి.

మానేశాక ఆఖరి లెక్కలు తేల్చే సెటిల్‌మెంట్‌కు 45 రోజులు పడుతుందని మామూలుగా చెప్తుంటారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవాళ్ళకైనా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఆ సంగతి మెయిల్‌లో మర్యాదగా గుర్తుచేయండి. పీఎఫ్‌లో ఎగ్జిట్ డేట్ వాళ్ళు వేయకపోతే, రెండు నెలల తర్వాత యూఏఎన్ (మీ పీఎఫ్ నంబర్) లాగిన్‌లో మీరే వేసుకోవచ్చు.

ఇంకోటి, కొత్త ఆఫర్‌లో నోటీసు ఎంతో చూశారా? మీరు రాయలేదు. సంతకానికి ముందే రెండు వైపులా ఒకటే ఉండాలని అడగండి. నేను అడిగితే హెచ్ఆర్ అమ్మాయి ఇలా ఎవరూ అడగరండీ అంది, వారం తర్వాత ఇద్దరికీ 60 అని మార్చి పంపింది.